మంచె తేలిగ్గా ఉండాలె, నాలుగు దిక్కులు తెరిచి ఉండాలె

(నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల నుంచి వచ్చిన యువతీ యువకుల కూడికలో చెప్పిన మాటలకు రాత రూపం. మాట్లాడిన తీరు చాలావరకు అట్లనే ఉంచిన.)





పొద్దున ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి వీడియో చూపించిండు. అమెరికాలో ఎవరో అడవి అంచున చిన్న డేరా లాంటిది కడుతున్నడు. ప్లాస్టిక్ పైపులు, ఆకుల రంగు బట్ట, మడత కుర్చీ. మొత్తం వీపు మీద మోసుకుపోయేంత తేలిక. లోపల కూర్చుంటే జింకకు కనపడడంట. "అన్నా, మనం గూడ ఇట్లాంటిది తేలికగా చేసుకోవచ్చా, ఏ సామాను అయితే బాగుంటది?" అని అడిగిండు. నేను ఇయ్యాల వేరే విషయం మాట్లాడుదామని వచ్చిన గానీ, ఈ ప్రశ్నలోనే మనకు కావాల్సింది చాలా ఉంది. అందుకే దీని మీదనే మాట్లాడుత.

మన దగ్గర దీనికి రెండు మాటలున్నయి. ఒకటి మాటు. ఒకటి మంచె. మాటు అంటే జంతువుకు కనపడకుండ కాపు కాసేది. నీళ్ల దగ్గర, దారి దగ్గర, ఆకులు కంపలు అడ్డం పెట్టుకొని కూర్చునేది. మంచె అంటే చేను కాడ ఎత్తు మీద కట్టుకొని పంట కాచేది. ఆ వీడియోలో ఉన్నది మాటు. మనకు ఇయ్యాల కావాల్సింది మంచె. రెండూ కర్రలతోనే కడతరు, రెండిట్ల మనిషే కూర్చుంటడు. కానీ ఒకటి దాక్కోవడానికి, ఇంకొకటి కనపడడానికి. ఈ తేడా పట్టుకుంటే సామాను సంగతి సగం తేలిపోతది. కేసుల సంగతి గూడ.

మాటు గురించి ముందే సూటిగా చెప్పేస్త. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. చంపుడే కాదు, ఉచ్చు పెట్టుడు, పట్టుడు, దానికి ప్రయత్నం చేసుడు గూడ ఆ చట్టం లెక్కల వేటే. మనం కొట్లాడి తెచ్చుకున్న 2006 అటవీ హక్కుల చట్టం గూడ ఇండ్ల మినహాయింపు ఇయ్యలేదు. సెక్షన్ 3(1)(ఎల్) చదవండి. సంప్రదాయంగా అనుభవిస్తున్న వేరే హక్కులన్నీ ఇస్తూ, వేట, ఉచ్చులు మాత్రం తీసేసింది. కాబట్టి "మా తాతలు వేటాడిండ్రు సార్" అంటే కోర్టుల నిలవదు. అడవి పందుల్ని కాల్చే అనుమతి గూడ సర్కారు ఎంచుకున్న షూటర్లకే, మనకు కాదు. ఇది తెలిసి మాట్లాడుకుందాం.

నేను సిగ్గుపడి చెప్తలేను ఈ మాట. విల్లు, అంబు మన గుర్తు. కానీ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద మనోళ్ల మధ్య తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చేసిన హైమెండార్ఫ్ ఏం రాసిండో తెలుసా? చెంచులు బతికేది ఎక్కువగా గడ్డల మీద, పండ్ల మీద, ఆకుల మీద అని. వేట దొరికినప్పుడు దొరికింది, అంతే. అడవిల పులుల్ని వరస పెట్టి కాల్చింది ఎవరు? ఫర్హాబాద్‌ల నిజాం షికారు బంగ్లా ఉన్న జాగ మీరందరూ చూసే ఉంటరు. దొరలు మంచె ఎక్కి తుపాకి పట్టుకుంటే, దారి చూపింది, కర్రలు మోసింది మనలాంటోళ్లు. వాళ్లది షికారు అయింది, మనది నేరం అయింది. ఇది ఒక పూట మాట్లాడే సంగతి, ఇక్కడ ఆపుత.

ఇప్పుడు మంచెకు వద్దాం.

మంచె ఎందుకు గుర్తొచ్చింది? కరెంటు తీగ వల్ల. వనపర్తి దిక్కు యాసంగి వేరుశనగ, నాగర్‌కర్నూల్ దిక్కు మక్క, జొన్న. మక్క కంకి పాలు పోసుకునేటప్పుడు పందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే పొద్దున చేను చూడబుద్ధి కాదు. వేరుశనగను ముట్టెతో దున్నినట్టు తవ్వి పోస్తయి. కృష్ణ ఒడ్డు పొలాల్లో అయితే కృష్ణజింకల బాధ. అవి షెడ్యూల్ ఒకటిల ఉన్న జంతువులు, చెయ్యి పడితే జైలే. రైతు ఏం చేస్తడు? అప్పు తెచ్చి పెట్టిన పంట. చేను చుట్టూ బైండింగ్ వైరు లాగి, రాత్రి పూట లైన్‌కు కొండి తగిలిస్తడు. పంది చస్తే చచ్చింది, లేకుంటే పక్క చేను రైతు చస్తడు, మోటరు పెట్టడానికి పోయిన పిలగాడు చస్తడు, బర్రె చస్తది. తీగ పెట్టినోడు గూడ నిద్రమబ్బుల పొద్దున అదే తీగ తొక్కి పోతడు. ఇట్లాంటి వార్త చదవని ఏడాది ఉందా మన దిక్కు? బతికి బయటపడితే ప్రాణం తీసిన కేసు, కరెంటు దొంగతనం కేసు, వన్యప్రాణి కేసు, మూడూ ఒకేసారి.

సోలార్ కంచె వేరే. దాని దెబ్బ ఆగి ఆగి కొట్టే చిన్న దెబ్బ, ప్రాణం పోదు. పెట్టుకోగలిగినోళ్లు పెట్టుకోండి. కానీ రెండెకరాల ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉన్న మన పెంటోడు అది ఎప్పుడు పెట్టుకోవాలె? అప్పటిదాంక చేను కాడ మనిషి కూర్చోవాలె. కూర్చునే మనిషికి మంచె కావాలె.

తేలిగ్గా ఎందుకు ఉండాలె అంటే, మొదటిది పంది తెలివి. దానికి చూపు తక్కువ, ముక్కు, చెవి మస్తు ఎక్కువ. మంచె ఒక మూల పాతుకొని ఉంటే నాలుగు రోజుల్ల నేర్చుకుంటది. అయిదో రోజు వెనక మూల నుంచి వస్తది. బరువైన మంచె కట్టినోడు ఆ మూలకే కట్టుబడి ఉంటడు. తేలిక మంచె అయితే వారానికోసారి జాగ మార్చొచ్చు, గాలి తిరిగితే మార్చొచ్చు. రెండోది, మన చేన్లకు బాట లేదు. ట్రాక్టరు పోదు. వాలు మీద, రాళ్ల మీద భుజాన మోసుకుపోవాలె. ఇద్దరు మనుషులు, అండ్ల ఒకరు ఆడామె అయినా సరే, రెండు మోతల్ల తీసుకపోగలగాలె. మూడోది, పంట కోతకు వచ్చినంక విప్పి ఇంటికి తెచ్చుకుంటే కర్ర నాలుగేండ్లు వస్తది. చేన్ల వదిలేస్తే చెదలు తింటది.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. ఇప్పపువ్వు కాలంల పెంట వదిలి పోయినప్పుడు వాళ్లు మోసుకుపోయిందేంది? ఒక గొడ్డలి, కొంచెం నార, కుండ. పోయిన కాడ ఆకులతో పందిరి, వచ్చేటప్పుడు దాన్ని అడవికే వదిలిపెట్టి వచ్చుడు.

సరే, కర్ర. నల్లమలల మనకు దొరికే వెదురు రెండు రకాలు. ముళ్ల వెదురు లావుగ, డొల్లగ ఉంటది, ముళ్లు ఒలిచేసరికి చేతులు పోతయి. సాధన వెదురు సన్నగ, గట్టిగ, లోపల దాదాపు నిండుగ ఉంటది. మంచె కాళ్లకు సాధన వెదురే. బొటనవేలు, చూపుడు వేలు కలిపి గుండ్రం చేస్తే అంత లావు ఉన్నది సరిపోతది.

లెక్క చూద్దాం. నాలుగు కాళ్లు పదేసి అడుగులు, దూలాలు నాలుగు అయిదేసి అడుగులు, వాలుగ కొట్టే అడ్డకర్రలు నాలుగు ఎనిమిదేసి అడుగులు. అంతా కలిపి తొంభై అడుగులకు కొంచెం ఎక్కువ, అంటే 28 మీటర్లు. బాగా ఎండిన సాధన వెదురు ఆ లావుది మీటరుకు కిలో లోపే తూగుతది. మొత్తం 25 కిలోలు. అదే ఒక అంగుళం ఇనుప పైపుతో చేస్తే మీటరుకు రెండు కిలోల పైన, మొత్తం 65 కిలోలు దాటుతది. సర్కారు తుమ్మ కర్ర గూడ ఎండినంక ఇనుముకు దగ్గరగనే తూగుతది, పచ్చిదైతే ఇంకా ఎక్కువ. పైగా వంకర. అది పొయ్యిలకు మంచిది, మంచెకు కాదు.

పీవీసీ పైపు గురించి తమ్ముడు అడిగిండు, ఆ వీడియోల ఉంది గనక. తేలికే, కాదనను. కప్పుకు వంపు పెట్టుకోవడానికి పనికొస్తది. కానీ మనిషి బరువు దాని మీద పెట్టొద్దు. మన ఎండకు మెత్తబడి వంగుతది, రెండు ఎండకాలాలు పోయినంక పెళుసై ఒక్కసారే విరుగుతది. వెదురు విరిగే ముందు చిట్‌చిట్ అని చెప్తది, పైపు చెప్పదు. అల్యూమినియం మంచిదే, డబ్బులు ఎవరియ్యాలె? చేన్ల ఒక్క రాత్రి వదిలితే పాత సామాన్ల బండికి పోతది.

వెదురు నరుకుడు గూడ తెలిసి నరకాలె. ఆ యేడు మొలిచిన లేత బొంగు ముట్టొద్దు. దానికి బలం లేదు, దాంట్ల తీపి ఎక్కువ, పుచ్చు పురుగు దానికే వస్తది. పైగా ఆ లేత బొంగు నరికితే పొద కుంగిపోతది. మూడేండ్లు దాటింది చూసుకోవాలె. పొద నడుమల ఉంటది, పొర రాలిపోయి ఉంటది, తడితే కంగుమంటది. వానాకాలంల నరకొద్దు, చలికాలంల నరకాలె. పెద్దలు అమావాస్య ముందు నరకమంటరు. దాని మీద వాదన పెట్టుకోను, నేనైతే పెద్దల మాటే వింట. నరికినంక వాగుల మూడు నాలుగు వారాలు రాయి బరువు పెట్టి ముంచి, తీసి నీడల ఎండబెట్టండి. ఆ నీళ్లల్ల తీపి పోతది, పురుగు తగ్గుతది. ఎండినంక బరువు గూడ తగ్గుతది. పచ్చి వెదురుతో కట్టి "బరువుంది" అనేటోడు ఓపిక పట్టనోడే.

కోసేటప్పుడు కణుపుకు కొంచెం పైన కోయాలె. కొస కణుపుతో ముగిస్తే పగలదు, నీళ్లు లోపలికి పోవు. మేకులు కొట్టొద్దు, వెదురు నిలువునా చీలుతది. కట్టాలె. ఆరె నార, మోదుగు నార మనకు తెలిసినవే. పచ్చి నారతో కడితే ఎండినంక బిగుసుకుంటది. నైలాన్ తాడు జారుతది, సాగుతది, ఎండకు పొడిపొడి అయితది. అయినా దొరికేది అదే అయితే మూడు చుట్ల బదులు ఆరు చుట్లు వేసి, నడుమల అడ్డంగ రెండు చుట్లు లాగి ముడేయండి. తేనె కోయడానికి బండ మీద నుంచి దిగేటోని తాడు బామ్మర్ది పడతడు అంటరు గదా మనోళ్లు, అక్క ముండమోయొద్దని జాగ్రత్తగ పడతడంట. మంచె ముడి గూడ అట్లనే వేయాలె.

గద్వాల, వనపర్తి అన్నలు "మాకు అడవి వెదురు ఎక్కడిది" అంటున్నరు. నిజమే. మీరు సంతల కొనాల్సిందే. లేకుంటే నీలగిరి, సుబాబుల్ సన్న బాదులు తెచ్చి, తోలు ఒలిచి ఎండబెట్టుకోండి. వెదురుకన్న బరువే, అయినా తుమ్మకన్న నయం. కాళ్లకు మాత్రం అవి, మిగతాదంతా సన్న వెదురు. కంది కట్టె, పత్తి కట్టె మీకు ఇంటి ముందర కుప్పలు ఉంటయి. పత్తి కట్టె పెళుసు, దేనికీ పనికిరాదు. కంది కట్టె తడికెకు మంచిది. జూరాల వెనక నీళ్ల పక్కన, చెరువుల్ల జమ్ము దొరుకుతది. ఎండితే దానంత తేలికైనది లేదు, కప్పుకు బాగుంటది. పాత డ్రిప్పు పైపులు చీల్చి కట్టుతీగ లెక్క వాడుతున్నరు గద్వాల రైతులు, అది మంచి తెలివి.

ఇక్కడ ఒక మాట. వెదురును బద్దలు చీల్చుడు ఎరుకల అక్కల కాడ నేర్చుకోండి. బుట్ట అల్లే చేయి వెదురును ఎట్ల చీలుస్తదో చూస్తే, మనం గొడ్డలితో పోట్లాడేది చూసి మనకే నవ్వొస్తది. మంచె నేలకు చెక్క పలకలు వేస్తే బరువంతా అక్కడే పోతది. బద్దలు అల్లిన తడిక వేస్తే ఏడెనిమిది కిలోల్ల అయిపోతది, కింద నుంచి గాలి వస్తది, నీళ్లు నిలవవు. దాని మీద జొన్న చొప్ప పరిచి, ఒక గొంగడి. ఇయ్యాల మధ్యాహ్నం ఆ అక్కలే చూపిస్తమన్నరు. చెంచులు, ఎరుకలోళ్లు, లంబాడోళ్లు ఒక కాడ కూర్చొని వెదురు చీల్చిన రోజు ఇంతకుముందు ఎప్పుడన్న చూసిండ్రా? నేనైతే చూడలేదు.

గోడలు. ఇక్కడే మాటుకు మంచెకు దారి వేరయితది. మాటుకు నాలుగు దిక్కులు మూయాలె, ఆకు రంగు బట్ట కావాలె, వాసన పోకుండ చూడాలె. మనకు అవేవీ వద్దు. పంది మనల్ని చూడాలె, వినాలె, వాసన పట్టాలె, పట్టి పారిపోవాలె. అందుకే నాలుగు దిక్కులు తెరిచి పెట్టండి. నడుము ఎత్తుకు ఒక కర్ర అడ్డం, నిద్రల పడకుండ. గాలి వచ్చే దిక్కు మాత్రం ఒక కంది తడిక, చలి ఆగడానికి. అంతే. సగం సామాను ఇక్కడే మిగిలింది చూడండి. ఆ ఆకు రంగు బట్ట కొనే పైసలతో మంచి టార్చిలైటు వస్తది.

తెరిచి ఉండుడుల ఇంకో లాభం ఉంది. మూసిన గూడు, నీళ్ల గుంట పక్కన, లోపల మనిషి. ఇది చూసిన గార్డు ఏమనుకుంటడు? మనమైనా ఏమనుకుంటం? అదే సొంత చేను నడుమల, నాలుగు దిక్కులు తెరిచిన మంచె, మీద డప్పు, టార్చి, వడిసెల. దాన్ని మాటు అని రాయాలంటే రాసేటోనికి గూడ చేయి వణకాలె. అయినా రాసేటోళ్లు ఉంటరు. ఒక పెంటల పట్టా చేన్ల కట్టిన మంచెను వేటకు కట్టిండ్రని పడగొట్టించిండ్రు, వెదురు తీసుకపోయిండ్రు. ఆ ఇంటాయన చేతుల అప్పుడు చూపించడానికి ఏ కాయితం లేదు. కాయితం సంగతి చివర్ల చెప్త.

కప్పుకు వద్దాం. బరకం తేలిక అని అందరూ అదే అంటరు. 200 జీఎస్‌ఎం అని రాసి ఉంటది చూడండి, అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు. పది చదరపు మీటర్లకు రెండు కిలోలే. వానకు మంచిది. కానీ రాత్రి గాలికి పటపట కొట్టుకుంటది. ఆ చప్పుడుల పంది అడుగు వినపడదు. కాపలాకు చెవే ముఖ్యం. అందుకే వాన లేని కాలంల బోద గడ్డి పలచగ, మంచు ఆగేంత మందమే కప్పండి. మందంగ కప్పితే తడిసినప్పుడు రెండింతల బరువు అయితది, కాళ్ల మీద పడతది. వానాకాలం బరకం వేసుకుంటే నాలుగు మూలలే కాదు, నడుమల గూడ తాడు వేసి బిగించండి, కొట్టుకోకుండ. యూరియా సంచులు విప్పి కుట్టుకున్నా అదే పని చేస్తది, పైసా ఖర్చు లేదు. గడ్డి కప్పు ఉన్న మంచె మీద బీడీ వద్దు, కుంపటి వద్దు. నెగడు కావాలంటే కింద, దూరంగ, గుంత తీసి, చుట్టూ గడ్డి చెక్కి పెట్టుకోండి. అడవి అంటుకుంటే మొదలు కాలేది మన పెంటనే, మాట పడేదీ మనమే.

తేలిక మంచెకు ఒక గండం ఉంది. గాలిదుమారం. నాలుగు కాళ్లు జానెడు లోతు కాదు, మూరెడు లోతు పాతండి. పాతలేని రాతి నేల అయితే కాళ్ల కింద అడ్డకర్రలు కట్టి వాటి మీద బండలు పెట్టండి. నాలుగు దిక్కులకు నాలుగు తాళ్లు లాగి గూటాలు కొట్టండి. పైన ఎంత తేలిక ఉంటే అంత మంచిది, బరువంతా కింద ఉండాలె. ఎత్తు ఆరు అడుగులు చాలు. పాము, తేలు నుంచి ఆ ఎత్తు కాపాడుతది. ఎలుగుబంటి నుంచి ఏ ఎత్తూ కాపాడదు, అది చెట్టే ఎక్కుతది. అందుకే ఒక్కరు పోవద్దు, ఇద్దరు పోవాలె, ఒకరు మేలుకోవాలె. ఉరుములు మొదలైతే మంచె దిగి ఇంటికి నడవండి. చేను నడుమ ఎత్తుగ ఉన్నది మీ మంచె ఒక్కటే అయితే పిడుగు చూసేది దాన్నే. చెట్టు కిందికి గూడ పోవద్దు.

కట్టినంక వెంటనే ఎక్కొద్దు. యూరియా బస్తా 45 కిలోలు. ఖాళీ బస్తాలల్ల మట్టి నింపి, అంత బరువువి మూడు మంచె మీద పెట్టి ఒక రాత్రి వదిలేయండి. 135 కిలోలు, అంటే ఇద్దరు మనుషుల బరువు. పొద్దున ముడులు చూడండి. జారితే మళ్లీ కట్టండి. మేము కట్టి చూసిన మంచె తడిక, కప్పు అన్నీ కలిపి 40 కిలోల దగ్గర వచ్చింది. మనిషికి ఇరవై కిలోలు. కట్టెల మోపుకన్న తక్కువ.

మంచె మీద ఏం చేయాలె? డప్పు, డబ్బా, వడిసెల, టార్చి. వడిసెల పిట్టలకు పగలు, డప్పు పందులకు రాత్రి. ఫోన్‌ల కుక్కల అరుపు పెట్టి స్పీకర్‌కు కలుపుతున్నరు కొందరు. రెండు మూడు రోజులు పని చేస్తది, తర్వాత పంది నవ్వుకుంటది. చేను చుట్టూ పాత చీరలు కట్టుడు, మంగలి దుకాణం కాడ వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుడు, ఇవన్నీ మంచెకు తోడు, మంచెకు బదులు కాదు. ఉచ్చు మాత్రం వద్దు. సైకిల్ బ్రేకు తీగతో చేసే ఉచ్చుకు పంది, పులి తేడా తెలవదు. మనం ఉన్నది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల, అంచున. ఒక పులి ఉచ్చుల పడిందంటే, పెట్టినోడు ఎవడైనా, ముందు తలుపు కొట్టేది చెంచు గుడిసెకే. "పులి కోసం మీరు ఖాళీ చేయాలె" అనే వాదనకు మన చేతులతో మనమే బలం ఇచ్చినట్టు అయితది. నాటుబాంబు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు, పశువుల దవడలు పగిలింది మీరు చూసే ఉన్నరు.

పంట పోతే మంచె మీద నుంచి ఫోటో తీయండి. తేదీ పడేటట్టు, చేను గట్టు కనపడేటట్టు. నష్టపరిహారం అడగాలంటే అది కావాలె.

ఇప్పుడు కాయితం. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 2(ఐ) చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏంటో చెప్తది. అండ్ల వెదురు పేరు రాసి ఉంది. తేనె, మైనం, తునికాకు, గడ్డలు, వేర్లతో పాటు వెదురు. సెక్షన్ 3(1)(సి) వాటి మీద యాజమాన్య హక్కు, సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2017ల భారత అటవీ చట్టం మార్చి వెదురును చెట్టు లెక్క నుంచి తీసేసిండ్రని కొందరు చెప్తరు. అది అడవి బయట పెరిగిన వెదురుకు. అడవిల మనకు ఆధారం 2006 చట్టమే, కలిపేసి మాట్లాడితే ఆఫీసుల దొరికిపోతరు.

మనోళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నది వ్యక్తిగత పట్టా, ఫారం ఎ మీద వచ్చింది. అది భూమికి. వెదురుకు, గడ్డికి, నారకు సామూహిక హక్కు కావాలె, దానికి ఫారం బి. అడవిని కాపాడుకునే, నడుపుకునే హక్కుకు ఫారం సి. చాలా పెంటల్ల ఫారం బి నింపలేదు, నింపిన కాడ "అటవీ ఫలసాయం" అని ఒక్క మాట రాసి వదిలేసిండ్రు. అట్ల రాయొద్దు. సాధన వెదురు, ముళ్ల వెదురు, బోద గడ్డి, ఆరె నార, మోదుగు నార అని పేర్లతో రాయండి. ఎక్కడ నరుకుతమో ఆ వాగు పేరు, గుట్ట పేరు రాయండి. ఎన్ని తరాల నుంచో పెద్దమనుషుల వాంగ్మూలం పెట్టండి, పెద్దల మాట గూడ సాక్ష్యమే అని రూల్స్‌లనే ఉంది. టైగర్ రిజర్వు అయినంత మాత్రాన ఈ హక్కు పోదు. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాంక ఎవరినీ ఖాళీ చేయించొద్దని సెక్షన్ 4(5) చెప్తది.

దాంతో పాటు గ్రామసభల ఇంకొక తీర్మానం. ఎవరి చేన్ల మంచె ఉంటదో, ఏ నెల నుంచి ఏ నెల దాంక ఉంటదో, అది పంట కాపలాకే అని, దాని మీద ఉచ్చు, తుపాకి, కరెంటు వైరు ఉండవని. సెక్షన్ 5 కింద వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారం, బాధ్యత గ్రామసభకు ఉంది గనక ఆ సెక్షన్ పేరు గూడ రాయండి. తీర్మానం నకలు ఒకటి రేంజ్ ఆఫీసుకు, ఒకటి మన్ననూర్ ఐటీడీఏకు ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు ఇంట్ల పెట్టుకోండి. ఆ ఇంటాయన దగ్గర ఆ రోజు లేనిది ఇదే.

రాసినంక దాని మీద నిలబడాలె గూడ. తీర్మానం ఇచ్చి, మంచె కింద ఉచ్చు దొరికితే, ఆ ఒక్కడి వల్ల ఇరవై పెంటల మంచెలు పోతయి. అట్లాంటోనికి మన కూడిక తరఫున ఎవరూ స్టేషన్‌కు రారు. ఇది కఠినంగ అనిపించొచ్చు. నా మాట ఇదే.

ఒక చెల్లె చిట్టీ పంపింది: "రాత్రి కాపలాకు ఆడోళ్లు పోవచ్చా?" పోతనే ఉన్నరు గదా చెల్లె, ఎప్పటి నుంచో. పోయేటప్పుడు ఇద్దరు పోండి, మంచెకు నిచ్చెన పైకి లాక్కునేటట్టు కట్టుకోండి, ఫోన్ సిగ్నల్ అందే మూల ముందే చూసుకోండి. నిచ్చెన గూడ వెదురుదే, రెండు మూడు కిలోలు దాటదు.

మధ్యాహ్నం బువ్వ తిన్నంక అందరం వాగు కాడికి పోదాం. పోయిన నెల ముంచిపెట్టిన బొంగులు ఎండి సిద్ధంగ ఉన్నయి. మూడు జట్లు, మూడు మంచెలు. కొడవళ్లు, నార మీరు తెచ్చుకోండి. తూకం వేసే కాటా నా దగ్గర ఉంది.